ముప్పై రోజులు, ఒక్క కొమ్ము కూడా లేకుండా

మార్చి 13, ఉదయం 7.10

కొత్త నోటుబుక్కు. కొత్త పెన్ను. కొత్త జిపార్!

నిన్న సాయంత్రం మా రాజధాని బిష్కెక్ నుంచి కబురు వచ్చింది. ఏప్రిల్ 12న, వ్యోమగాముల దినం నాడు, కొండ మీది పాత వేధశాలలో ప్రదర్శన. మొత్తం ఆరుగురం. వేధశాల ఒక్కొక్కరికీ ఒక ఆకాశపు ఫోటో ఇస్తుంది. ఏఐ దాన్ని నమూనాగా మారుస్తుంది. ఆ నమూనాను ఎవరి చేతిపనిలో వాళ్లు చేసి చూపాలి. ఆరుగురిలో ఒక్కరికి బిష్కెక్ స్టూడియోలో ఏడాది పాటు చోటు. పెద్ద కిటికీ ఉన్న గది, పొడవాటి బల్ల, ఎవరూ లేపని ఉదయాలు.

చోటు రాకపోతే మే నెల నుంచి మా మేనత్త కుట్టుపని షెడ్డులో జాకెట్లకు జిప్పులు వేయాలి. నా కుర్చీ ఇప్పటికే తుడిచి పెట్టిందట. మా ఇంట్లో ఎనిమిదో తరగతి దాటిన మొదటి మనిషిని నేను. కళాశాల దాకా వెళ్లి చివరికి జిప్పులా అని మా వీధి అడగదు గానీ, నన్ను నేనే అడుగుతాను.

నేను చేసేది షిర్దాక్. తొక్కి గట్టిపరిచిన ఉన్ని పట్టాలు రెండు రంగులవి తీసుకుని, ఒకదాని మీద ఒకటి పరిచి, రెంటినీ కలిపి కోసి, ముక్కలు అటుదిటూ ఇటుదటూ మార్చి కుట్టే తివాచీ. పోయినేడు ఒకటి చేసి పంపాను. దాని మీద పదహారు పొట్టేలు కొమ్ములు. ఒకే అట్టముక్క పెట్టి కోశాను, ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడా లేదు. ప్రదర్శన చూసుకునే సల్తనత్ ఎజే (ఎజే అంటే అక్క) దాన్ని ఒక్కసారి చూసి, "బహుమతుల దుకాణం సరుకు" అని పక్కకు వెళ్లిపోయింది.

కాబట్టి ముప్పై రోజుల ప్రతిజ్ఞ:

1. ఏఐ గీసింది గీసినట్టే కోయాలి.
2. పొట్టేలు కొమ్ము ఒక్కటంటే ఒక్కటి ఉండకూడదు.
3. అపాను సలహా అడగకూడదు. (అపా అంటే మా నానమ్మ. ఇంట్లో అందరమూ అలాగే పిలుస్తాం.)
4. రోజూ డైరీ రాయాలి.

ఇది గట్టిగా చదివి వినిపించాను. అపా ఉన్ని వడుకుతూ వింది. కొమ్ముల్లేని పొట్టేలును మంద కూడా నమ్మదు, అంది. అది సలహా కాదు, అభిప్రాయం. లెక్కలోకి రాదు.

మార్చి 14, ఉదయం 11.00

ఫోటో వచ్చింది! ఒక గెలాక్సీ. నడుమ ముద్ద, దాని నుంచి రెండు చేతులు చుట్టుకుంటూ బయటికి. పంపినది మార్లెన్ అగాయ్ (పెద్దవాళ్లను గౌరవంగా అలా పిలుస్తాం). ఆ వేధశాలలో నలభై ఏళ్లుగా ఉన్న పెద్దాయన. ఫోనులో ఆ గెలాక్సీ గురించి ఎదురింటి వాళ్ల గురించి మాట్లాడినట్టు మాట్లాడారు. ఎటువైపు తిరుగుతుందో, ఏ చేయి బలమైనదో, అన్నీ.

11.40. ఫోటోను ఏఐకి ఇచ్చాను.

11.41. నమూనా వచ్చింది. తొమ్మిది వందల పన్నెండు చుక్కలు. ఆవగింజంతవి.

ఉన్ని పట్టా నా బొటనవేలంత మందం. అందులో ఆవగింజంత చుక్క కోయమంటే, రోకలితో చెవి కుట్టమన్నట్టు.

అపా తొంగి చూసి, "ఈ కొత్త కోడలు పిలవగానే పలుకుతుంది. టీ మాత్రం పోయదు," అంది.

మా అన్న భార్య అసిల్‌కన్ పొయ్యి దగ్గర నుంచి, "హమ్మయ్య, ఇన్నాళ్లకి నాకో తోడికోడలు వచ్చింది. ఇక తిట్లు చెరిసగం," అంది. మా వైపు కోడళ్లు అత్తింటి వాళ్లను పేరు పెట్టి పిలవరు కదా, వదిన నాకు 'చదువులమ్మ' అని పేరు పెట్టుకుంది. ఏఐని ఇవాళ్టి నుంచి 'చెల్లి' అంటుందట.

మార్చి 15, మధ్యాహ్నం

చుక్కలు వద్దు, పెద్ద ఆకారాలు కావాలి, కత్తితో కోయగలిగేవి, అని రాశాను.

వచ్చింది. ఎంత అందంగా ఉందో!

అపాను అడగలేదు. టీ తెచ్చి ఇస్తూ తనే చూసింది. చూసి, వేలుతో ఒక్కో ఆకారం మీదా తడుతూ పోయింది. ఇది మూడేళ్ల పొట్టేలు. ఇది ముసలిది, కొన ఎంత తిరిగిందో చూడు. ఇది ఎవరితోనో పొడుచుకుని విరగ్గొట్టుకుంది.

మొత్తం ఆరు కొమ్ములు.

కారణం తెలిసింది. జనవరిలో దానికి మన పని నేర్పిద్దామని మా ఇంటి, మా వీధి షిర్దాక్‌ల ఫోటోలు నాలుగు వందల పన్నెండు నేనే ఇచ్చాను. తప్పు నాదే. రేపు సరిచేస్తాను.

మార్చి 16, ఉదయం

స్పష్టంగా రాశాను: "పొట్టేలు కొమ్ములు వద్దు. ఎక్కడా కొమ్ములు ఉండకూడదు."

పద్నాలుగు వచ్చాయి. అందులో నాలుగు, మూలకొకటి.

పొట్టేలును తలుచుకోకుండా నిద్రపో అని పిల్లలకు చెబితే రాత్రంతా పొట్టేళ్లే కదా, అంది అపా.

మార్చి 17, మధ్యాహ్నం 2.00

షిర్దాక్ ఫోటోలన్నీ తీసేశాను. గెలాక్సీ ఒక్కటే ఇచ్చాను.

రెండు కొమ్ములు. పెద్దవి. నడుమ ముద్ద నుంచి అటొకటి, ఇటొకటి.

మార్లెన్ అగాయ్‌కి ఫోన్ చేశాను. ఈ గెలాక్సీ చేతులు అలా చుట్టుకోవడం ఏమైనా తగ్గించవచ్చా అని అడిగాను.  అది నా చేతిలో లేదమ్మా, అన్నారు ఆయన.

మార్చి 18

రెండో నియమానికి సవరణ. కొమ్ము అంటే:

(అ) మనిషి ఉద్దేశంతో గీసినది అయి ఉండాలి.
(ఆ) పూర్తిగా ఒకటిన్నర చుట్లు తిరిగి ఉండాలి.
(ఇ) భూమ్మీది జంతువుది అయి ఉండాలి.

గెలాక్సీ చేతులకు ఈ మూడింటిలో ఏ ఒక్కటీ వర్తించదు. ప్రతిజ్ఞ చెక్కుచెదరలేదు.

మార్చి 21

నౌరుజ్, మా వసంతపు కొత్త సంవత్సరం. పండగ పూట కత్తి పట్టకూడదు. (నిజానికి అలాంటి నియమం లేదు. ఇప్పుడు పెట్టుకున్నాను.) సుమొలోక్ (మొలకెత్తిన గోధుమల పాయసం) నాలుగు గిన్నెలు. మేనత్త వచ్చింది. నా కుర్చీకి దిండు కూడా కుట్టించిందట.

మార్చి 23, ఉదయం 9.00

ఇవాళ కోత!

కింద తెల్ల పట్టా, పైన ముదురు నీలం పట్టా. నీలం ఆకాశంలో తెల్ల గెలాక్సీ రావాలి. ఎప్పటిలాగే పట్టాలు బోర్లా పరిచి, సబ్బు ముక్కతో వెనకవైపు గీశాను. ముందువైపు గీస్తే మరక పడుతుంది. నడక వచ్చినప్పటి నుంచి చూస్తున్న పని ఇది, ఎవరూ నేర్పక్కర్లేదు.

గీస్తున్నంతసేపూ అపా వెనకే కూర్చుంది. రెండుసార్లు దగ్గింది. ఏదో చెప్పాలనుకుంటోందని అర్థమైంది. అడగలేదు. మూడో నియమం! నా నిగ్రహానికి నాకే ముచ్చటేసింది.

1.30. కోత అయిపోయింది. నీలం పట్టాలో తెల్ల ముక్కలు అమర్చాను. మిగిలిన తెల్ల పట్టా, నీలం ముక్కలు అపా మూటగట్టి అటక మీద పెట్టింది. ఒకటి కోస్తే రెండు పుడతాయి కదా, రెండోది తీరికగా కుట్టొచ్చు.

మార్చి 26

కుడుతున్నాను. నడుము. వేళ్లు. నడుము.

గెలాక్సీ చేయి కొన దగ్గర అతుకు కలవడం లేదు. ఏఐ గీసిన కొన మొనదేలి ఉంది. ఉన్ని మొనదేలితే పీచుపీచుగా ఊడిపోతుంది. కొనను లోపలికి కొంచెం చుట్టితే నిలబడుతుంది. ఒక్క అర చుట్టు.

అర చుట్టు కొమ్ము కాదు. సవరణ (ఆ) చూడండి.

మార్చి 29

27, 28 రాయలేదు. కారణాలు: కరెంటు లేదు (27, ఒక గంట). పెన్ను వదిన లెక్కల పుస్తకంలో దొరికింది (28). చెప్పడానికి ఏమీ లేదు (రెండు రోజులూ).

రెండో చేతి కొనకు కూడా అర చుట్టు. ఒకదానికి ఉండి ఇంకోదానికి లేకపోతే గెలాక్సీ కుంటుతున్నట్టుంది.

ఏప్రిల్ 3

నిజాయితీగా లెక్క వేసుకున్నాను. ఆకాశపు కొమ్ములు రెండు (మినహాయింపు). అర చుట్లు ఐదు. ఐదు అరలు కలిపితే రెండున్నర కదా అని వదిన అంది. లెక్కల్లో ఎనిమిదో తరగతి తప్పింది, దీనికి మాత్రం లెక్క వచ్చు.

ఏప్రిల్ 7, సాయంత్రం 5.00

అయిపోయింది! నీలం ఆకాశం, తెల్ల గెలాక్సీ, అతుకు అతుకు వెంటా రెండు పోగుల తాడు, వెనక మందపాటి అస్తరు. నేల మీద పరిచి దాని చుట్టూ మూడుసార్లు తిరిగి చూశాను.

ఫోటో తీసి, అసలు గెలాక్సీ ఫోటో పక్కన పెట్టి, అచ్చం అలాగే ఉందా అని ఏఐని అడిగాను. అచ్చం అలాగే ఉందట, అద్భుతంగా ఉందట, అభినందనలట.

చోటు నాదే అనిపిస్తోంది. ఇలా రాయకూడదు. రాశాను.

ఏప్రిల్ 8, ఉదయం 10.15

పేరు పలక రాయడానికి షిర్దాక్ ఫోటో కావాలని అగాయ్ అడిగితే పంపాను.

10.20. "జిపార్, చాలా అందంగా ఉంది. ఇది ఏ గెలాక్సీ?"

10.21. మీరిచ్చిందే అగాయ్, అన్నాను.

10.35. "అయితే పాపం, ఇప్పుడది వెనక్కి తిరుగుతోంది."

10.36. ఫోటో చూశాను. షిర్దాక్ చూశాను. ఫోటో చూశాను.

వెనకవైపు గీశాను. వెనకవైపు గీస్తే ముందువైపు కుడి ఎడమలు మారిపోతాయి. మా అమ్మమ్మలు, వాళ్ల అమ్మమ్మలు, అందరూ వెనకవైపే గీశారు. ఒక్కరికీ ఏమీ కాలేదు. ఎందుకంటే కొమ్ములు జంటగా ఉంటాయి. అటు చూసినా అదే, ఇటు చూసినా అదే. కొమ్ములు వద్దని నేను తెచ్చుకున్న ఆకాశానికి మాత్రం కుడి, ఎడమ వేరు.

విప్పడానికి లేదు. అస్తరుతో కలిపి కుట్టేశాను. రెండు వారాల కుట్లు.

11.00. అపా దగ్గరకు వెళ్లాను. ఆ రోజు రెండుసార్లు దగ్గావు, అప్పుడే చెప్పి ఉండొచ్చు కదా అని అడిగాను.

"ఏం చెప్పను? దగ్గొచ్చింది, దగ్గాను," అంది.

ఏప్రిల్ 8, మధ్యాహ్నం

తిన్నవి: బోర్సోక్‌లు (నూనెలో వేయించిన పిండి ముక్కలు) పదకొండు. నేరేడు రంగు జామ్ సీసాలో సగం. మిగతా సగం. నిన్నటి నూడిల్స్.

ప్రతిజ్ఞ రద్దు. నాలుగు నియమాలూ రద్దు.

సాయంత్రం 4.00. మేనత్త ఫోన్. కుర్చీ ఎత్తు ఎంత ఉండాలో అడిగింది. చెప్పాను.

ఏఐని మళ్లీ అడిగాను, ఇది తిరగబడి ఉంది కదా అని. అవును, బాగా గమనించారు అంది. నిన్న అచ్చం అలాగే ఉందన్నావు కదా అంటే క్షమించమంది. అపాకు చదివి వినిపించాను. కొత్త కోడలు, ఇంటిల్లిపాదికీ సరే సరే అనాలి కదా, దాన్నేం అంటావు అంది.

ఏప్రిల్ 9, ఉదయం 6.40

దుప్పటి ముసుగు తన్ని పడుకుని ఉంటే మీద ఏదో బరువు పడింది. అటక మీది మూట.

పడేసింది అపా. మూట విప్పి తెల్ల పట్టా నేల మీద పరిచింది, నీలం ముక్కలు వాటి గుంటల్లో పెట్టింది. తర్వాత ఒక్కొక్కటిగా అన్నింటినీ తిరగేసింది. వెనకది ముందుకు వచ్చింది.

కుట్టని పట్టాకు వెనకేమిటి, ముందేమిటి!

ఫోన్ తెచ్చి పక్కన పెట్టుకుని చూశాను. గెలాక్సీ సరిగ్గా తిరుగుతోంది. కాకపోతే ఆకాశం తెల్లగా ఉంది, గెలాక్సీ నీలంగా ఉంది. పైగా వెనకవైపు కాబట్టి అంతా నూగునూగుగా, పొగ పట్టినట్టుంది. తెల్ల ఆకాశాన్ని ఎవరు ఒప్పుకుంటారు అపా, అన్నాను.

"తిరగబడ్డ దానికంటే నయం. లే. మూడు రోజులే ఉంది, నీ ఒక్కదాని వల్ల కాదు."

7.30. వదిన వీధిలోకి వెళ్లి కేక వేసింది. సాయానికి రమ్మంటే మా వీధిలో కారణం అడగరు, సూది తెచ్చుకుంటారు. ఎనిమిదింటికి నేను కాక, అపా, వదినలతో కలిపి ఏడుగురు. ఏడు సూదులు, టీ కాచే సమోవార్‌లు రెండు, వంద విశేషాలు.

ఏప్రిల్ 10, మధ్యాహ్నం

గెలాక్సీ అయిపోయింది. ఒక్క రోజున్నరలో! అంచు మిగిలింది.

సాయానికి వచ్చిన వాళ్లు అంచున తమ ఇంటి కొమ్ము ఒకటి కోసి కుట్టి వెళ్లడం మా వీధి వాడుక. ఎవరు కుట్టారో రేపు పిల్లలకు తెలియాలి కదా. నేను నోరు తెరిచే లోపే అపా నీలం తునకలు పంచిపెట్టేసింది.

చూస్తూ కూర్చున్నాను. ఒకరిది పొట్టిగా లావుగా, ఒకరిది సన్నగా పొడవుగా. వదినది పుట్టింటి వైపు కొమ్ము, కొనకు రెండు చీలికలు. అపాది అన్నిటికంటే పాతకాలపుది. ఏడు కొమ్ములు. ఏ రెండూ ఒకలా లేవు.

ఎనిమిదో చోటు ఖాళీగా ఉంది, కుడివైపు కింది మూల. ఏడుగురూ కుట్టడం ఆపి నావైపు చూశారు.

"చదువులమ్మ ప్రతిజ్ఞ చేసింది," అంది వదిన. "కొమ్ము కోస్తే కళ్లు పోతాయేమో."

కత్తి అందుకున్నాను. సబ్బు గీత లేదు, అట్టముక్క లేదు, ఏఐని అడగలేదు. ఒక్క చుట్టు, ఆగకుండా. నిమిషం కూడా పట్టలేదు. కొన దగ్గర చేయి కొంచెం వణికి ఒక చిన్న వంపు వచ్చింది. దిద్దబోతుంటే అపా నా మణికట్టు పట్టుకుంది.

"వదిలెయ్. అది నీది."

ఏప్రిల్ 12, సాయంత్రం 6.00, వేధశాల నుంచి తిరిగి వస్తూ, వ్యానులో

కుదుపులకు అక్షరాలు ఎగురుతున్నాయి. అయినా ఇప్పుడే రాయాలి.

తెల్లది గోడకు కట్టాం. నీలంది చుట్టి మూల పెట్టాను. మిగతా ఐదుగురివీ నల్లని ఆకాశాలు, మెరిసే చుక్కలు. గది మొత్తంలో తెల్ల ఆకాశం నాదొక్కటే. పెళ్లికి పనిబట్టలతో వెళ్లినట్టు అనిపించింది. సల్తనత్ ఎజే అటు చివర నుంచి ఒక్కొక్కటే చూస్తూ వస్తోంది.

ఆవిడ కంటే ముందు మార్లెన్ అగాయ్ వచ్చారు. చిన్న మనిషి, పెద్ద టోపీ. నా షిర్దాక్ ముందు నిలబడ్డారు. జేబులోంచి భూతద్దం తీసి, ముక్కు ఉన్నికి ఆనేంత దగ్గరకు వంగారు. నూగు మీద వేలితో మెల్లగా నిమిరారు. నేను అప్పు మంజూరు కోసం నిలబడ్డ దానిలా చేతులు కట్టుకుని ఉన్నాను.

"నీకు ఇది ఎవరు చెప్పారు?" అన్నారు చివరికి.

ఏది అగాయ్, అన్నాను.

"కంప్యూటర్లు రాకముందు మేం ఆకాశాన్ని గాజుపలకల మీద తీసేవాళ్లం. వాటి మీద చుక్కలు నల్లగా పడతాయి, ఆకాశం తెల్లగా. మొదటి పదేళ్లూ నేను చూసిన ఆకాశం ఇదే. ఈ పొగ కూడా ఇలాగే ఉండేది. మా ఆవిడకి ఎన్నిసార్లు చెప్పానో, నమ్మలేదు. రేపు ఆవిణ్ణి తీసుకొచ్చి చూపిస్తాను."

నాకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. మూల ఉన్న నీలందాన్ని తెచ్చి విప్పాను. వెనకవైపు గీసి తిరగేసిన సంగతి చెప్పాను. ఆయన నవ్వాపుకోలేకపోయారు. గాజుకూ రెండు ముఖాలే కదా. ఆయన కుర్రతనంలో ఒకసారి పలక తిరగేసి పెట్టుకుని, ఎవరూ చూడని గెలాక్సీ కనిపెట్టాననుకున్నారట. మూడు రోజులు గొప్పవాడిగా బతికారట.

అప్పటికి సల్తనత్ ఎజే మా వెనకే నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. అంచు వెంట నడుస్తూ కొమ్ములు ఒక్కొక్కటే చూసింది.  కుడివైపు కింది మూల దగ్గర ఆగింది.

"ఇది ఎవరు కోశారు?"

నేనే అన్నాను. నమూనాలో ఉందా అని అడిగింది. లేదన్నాను. కొమ్ములు పెట్టకూడదనే అనుకున్నాను ఎజే, కుదరలేదు, క్షమించండి అని కూడా అన్నాను.

"పెట్టకూడదని ఎవరన్నారు?"

మీరే, పోయినేడు, బహుమతుల దుకాణం సరుకు అన్నారు కదా, అన్నాను.

"పోయినేడు పదహారూ ఒకే అచ్చు. మనిషి జాడ లేదు. అందుకన్నాను. ఇక్కడ ఎనిమిది మంది ఉన్నారు, ఎవరు ఎవరో కూడా తెలుస్తోంది. ఈ మూల మనిషికి చేయి వణికింది."

చోటు నాకే వచ్చింది. టీల దగ్గర చెప్పారు. మే ఒకటి నుంచి. రెండు షిర్దాక్‌లూ పక్కపక్కనే వేలాడదీస్తారట, ఒకటి అగాయ్ గెలాక్సీ, ఒకటి వెనక్కి తిరిగేది.

మేనత్తకు ఫోన్ చేశాను. సంతోషించింది. కుర్చీ మాత్రం ఇంకెవరికీ ఇవ్వదట. ఏడాదే కదా, అంది.

అపాకు ఫోన్ చేశాను. చెప్పాను. ఊఁ అంది. తర్వాత చాలాసేపు దగ్గింది. ఇది మాత్రం దగ్గు కాదని నాకు తెలుసు.

ఏప్రిల్ 13, ఉదయం 7.10

కొత్త పేజీ. పెన్ను పాతదే.

నిన్నటిదాకా జరిగింది అభ్యాసం. అసలు ప్రతిజ్ఞ ఇవాళ్టి నుంచి. ముప్పై రోజులు. ఒక్క పొట్టేలు కొమ్ము కూడా లేకుండా. ఈసారి సవరణలు లేవు, మినహాయింపులు లేవు. ముందువైపే గీస్తాను, మరక పడితే పడనీ. వస్తువు బాగా ఆలోచించి ఎంచుకున్నాను: తోకచుక్క. తలొకటి, తోకొకటి. చుట్లే ఉండవు. ఎవరూ వేలెత్తి చూపలేరు!

7.25. అగాయ్ ఫోటో పంపారు.

7.26. ఏఐ నమూనా ఇచ్చింది. ఒకటే తోక, పొడవుగా, కొంచెం వంపు తిరిగి.

7.30. అపా టీ తెచ్చింది. చూసింది. కప్పు కింద పెట్టి మళ్లీ చూసింది.

"ఇది పొట్టేలుది కాదులే, కంగారుపడకు," అంది. "మేకది."

7.31. నియమాల్లో మేక లేదు. మొదలుపెడుతున్నాను.